ఇంటికి పోయి మరల వచ్చు రోగి

ఆసుపత్రినుండి రోగిని ఇంటికి పంపు దినమును బంధువులందరు శుభదినముగా భావింతురు. ఒకరు బండి తెచ్చెదరు. మరొకరు మంచము ప్రక్కనున్న సంచి, చెంబు సర్దుదురు. నర్సు మందుల చీటి చేతికిచ్చి నాలుగు జాగ్రత్తలు చెప్పును. జబ్బు నయమైనది, ఇక భయము లేదని ఇంటిల్లిపాదియు ఊపిరి పీల్చుకొందురు. విరిగిన ఎముక అతికినవాని విషయములోను, టైఫాయిడు జ్వరము తగ్గినవాని విషయములోను ఆ మాట చాలవరకు నిజమే. కాని ఒక వ్యాధి విషయములో మాత్రము అది పెక్కుమారులు అబద్ధమగుచున్నది. గుండెబలము తగ్గి, ఒడలు నీరుపట్టి, ఊపిరాడక ఆసుపత్రిలో చేరిన రోగి వారము పదిదినములలో తేరుకొని తన కాళ్లమీద నడచి ఇంటికి పోవును. నెల తిరుగకమునుపే అదే ఆయాసముతో, అదే వాపుతో అదే వాకిటికి మరల వచ్చును.

ఇట్లు మరల వచ్చుట కొత్త సంగతి కాదు. పెద్ద ఆసుపత్రులన్నియు దీనిని ఎరుగును. అయినను దీనిని ఒక ప్రత్యేక సమస్యగా గుర్తించి, లెక్కించి, కారణములు వెదకుట మాత్రము గత 30, 40 సంవత్సరములలో జరిగిన పని. ఈ లెక్కలలో అమెరికా ముందు నడచినది. ఆ లెక్కలు ఏమి చెప్పినవో, వానిని నమ్ముకొని అచ్చటి ప్రభుత్వము చేసిన శాసనము ఎచ్చటికి దారితీసినదో తెలిసికొనదగినది. మార్కులనుబట్టి పిల్లలను, ఉత్తీర్ణుల సంఖ్యనుబట్టి పాఠశాలలను కొలుచుట చూచిన ఉపాధ్యాయులకు ఆ కథలో కొంత భాగము పరిచితముగనే తోచును.

ముందుగా వ్యాధి పేరునుగూర్చి ఒక మాట. హృదయ వైఫల్యము అనగానే గుండె ఆగిపోవుట యని చాలమంది తలతురు. అది పొరపాటు. గుండె ఆగినచో కొలది నిమిషములలో ప్రాణము పోవును. ఆసుపత్రికి మరల వచ్చుట యను ప్రశ్నయే ఉండదు. గుండెపోటును వేరు. గుండె కండరమునకు రక్తమునందించు నాళము హఠాత్తుగా మూసికొనిపోవుటవలన అది కలుగును. హృదయ వైఫల్యములో గుండె పనిచేయుచునే యుండును. కాని శరీరమునకు కావలసినంత రక్తమును పంపజాలదు. పిడికిలి ప్రమాణము గల ఈ కండరము దినమునకు రమారమి లక్ష మారులు సంకోచించి, నిమిషమునకు 5 లీటర్ల చొప్పున రక్తమును నడపుచుండును. ఆరోగ్యవంతుని ఎడమ జఠరికలో నిండిన రక్తములో నూటికి 55 పాళ్లో, అంతకు పైగానో ఒక్క సంకోచముతో వెలికి పోవును. గుండెపోటువలన కండరములో కొంతభాగము చచ్చి మచ్చపడినను, రక్తపుపోటును ఏండ్ల తరబడి అణచక వదలినను, కవాటములు చెడినను ఆ పాలు 40కి, 30కి, ఒక్కొక్కప్పుడు 20కి దిగజారును. మరికొందరిలో, ముఖ్యముగా వృద్ధులలో, సంకోచము బాగుగనే యుండును గాని కండరము బిరుసెక్కి రక్తము నిండుటకు చోటీయదు. రెండింటి ఫలితమును ఆయాసము, వాపు, అలసటయే.

మరి ఆ నీరు ఎచ్చటనుండి వచ్చును? ఈ వ్యాధిలోని విచిత్రమంతయు ఇచ్చటనే యున్నది. గుండె పంపు రక్తములో దాదాపు అయిదవవంతు మూత్రపిండములకు పోవును. ఆ ప్రవాహము సన్నగిల్లినప్పుడు, గుండె బలహీనపడినదని మూత్రపిండములు గ్రహింపజాలవు. శరీరమునుండి రక్తము కారిపోవుచున్నప్పుడును, ఎండలో నీరు ఇంకిపోయినప్పుడును ఏమి చేయునో అప్పుడును అవి అదియే చేయును: ఉప్పును, నీటిని బయటకు పోనీయక పట్టియుంచును. గాయపడినవానిని, దప్పిగొన్నవానిని బ్రదికించుటకు ప్రకృతి చేసిన యేర్పాటు ఇది. ఆ యేర్పాటే హృద్రోగికి శత్రువగుచున్నది. నిలిచిన నీరు మొదట పాదములలో, చీలమండలలో చేరును. పిమ్మట పొట్టలోను, ఊపిరితిత్తులలోను చేరును. రాత్రి వెల్లకిల పండుకొనగానే ఊపిరాడదు. ఒక దిండు చాలక రెండు, రెండు చాలక మూడు దిండ్లు పెట్టుకొని, తుదకు కూర్చుండియే రోగి తెల్లవార్చును.

మన పల్లెలలో “ఒళ్లు నీరుపట్టినది” అని పెద్దలు చెప్పుకొను మాటలో ఈ వ్యాధి కొంత, మూత్రపిండముల వ్యాధి కొంత, కాలేయవ్యాధి కొంత కలిసియున్నవి. ఐరోపాలోను పూర్వము ఇట్లే అన్నింటికి ఒకటే పేరు వాడుకలో నుండెను. 1775లో ఇంగ్లండు దేశములో విలియం విదరింగు అను వైద్యునికి ఒక చిట్కామందు సంగతి తెలిసినది. ష్రాప్‌షైరు మండలములోని ఒక వృద్ధురాలు చాలకాలము రహస్యముగా కాపాడుకొని, నీరుపట్టినవారికి ఇచ్చుచుండిన కషాయమది. అందులో ఇరువదికి పైగా మూలికలుండెను. విదరింగు వృక్షశాస్త్రము బాగుగ నెరిగినవాడు. ఆ మూలికలలో నిజముగా పనిచేయుచున్నది ఫాక్స్‌గ్లవ్ అను పూలమొక్కయే యని అతడు గుర్తించెను. పదేండ్లు దానిని రోగులకిచ్చి చూచి, 1785లో ఒక గ్రంథము ప్రకటించెను. తాను చూచిన 163 మంది చరిత్రలను అందులో వరుసగా వ్రాసెను. గుణమిచ్చినవారివి మాత్రమే ఏరి చూపక, గుణమీయనివారివియు, మందు మోతాదు మించి బాధపడినవారివియు దాచక వ్రాయుట ఆ గ్రంథమునకు గౌరవము తెచ్చినది. ఆ మొక్కనుండి వచ్చినదే డిజిటాలిసు. దాని కథ మరల ముందునకు రాగలదు.

నేటి ఆసుపత్రిలో ఈ రోగికి జరుగు చికిత్స చూచుటకు అద్భుతముగ నుండును. నరములోనికి ఇంజక్షను ఎక్కించి, పట్టియున్న నీటిని మూత్రరూపమున వెడలింతురు. కొద్దిదినములలో కొన్ని కిలోల బరువు తగ్గును. తగ్గినది కండ కాదు, నీరు. వాపు తీయును. రోగి వెల్లకిల పండుకొని నిద్రపోవును. రక్తపుపోటు, నాడి, మూత్రము కొలిచి చూచి డాక్టరు ఇంటికి పొమ్మనును. చెరువుకట్టకు గండిపడి ఊరిలోనికి వచ్చిన నీటిని తోడిపోసినట్లయినది. గండి మాత్రము అట్లే యున్నది. ఆ గండిని కొంతవరకు పూడ్చగల మందులు లేకపోలేదు. 1987లో స్కాండినేవియా దేశములలో జరిగిన పరిశోధనలో ఎనలాప్రిల్ అను మందు, ఒకప్పుడు ఈ వ్యాధిలో నిషిద్ధముగా నెంచబడి 1999 నాటి పరిశోధనలతో గౌరవము పొందిన బీటా అవరోధకములు, అదే సంవత్సరము ఫలితము తేలిన స్పిరనోలాక్టోన్, మధుమేహమునకై పుట్టి 2019లో గుండెకును మేలుచేయునని ఋజువైన డపాగ్లిఫ్లోజిన్ అట్టివి. సంకోచబలము తగ్గినవారిలో ఇవి ఆయుర్దాయమును పెంచును. కాని వీనిలో పెక్కింటిని చిన్న మోతాదుతో మొదలిడి, రక్తపుపోటును, మూత్రపిండములను, రక్తములోని పొటాసియమును గమనించుచు వారము వారము పెంచవలెను. ఇంజక్షను చేయు పని ఆసుపత్రిలో ముగియును. ఈ మాత్రలు చేయు పని ఇంటిలో మొదలగును. ఆ సమయముననే రోగిని కనిపెట్టి చూచువారు ఉండరు.

ఈ లోటును మొదట స్పష్టముగ చూపినవారిలో అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరపు డాక్టర్ మైకేల్ రిచ్, ఆయన సహచరులు ముఖ్యులు. 70 ఏండ్లు నిండిన 282 మంది హృద్రోగులను వారు రెండు వర్గములుగా విభజించిరి. 140 మందికి అలవాటైన వైద్యమే అందినది. తక్కిన 142 మందికి మందులు సరిచూచుటకు వృద్ధుల హృద్రోగములలో నిపుణుడగు డాక్టరు, ఆహారము నిర్ణయించుటకు నిపుణురాలు, ఇంటి పరిస్థితులు విచారించుటకు ఒక ఉద్యోగి తోడైరి. అందరికంటె ముఖ్యురాలు ఒక నర్సు. వ్యాధి యేమో, మాత్రలెందుకో, బరువు ఎట్లు చూచుకొనవలెనో ఆమె మంచమువద్ద కూర్చుండి బోధించెను. ఇంటికి పోయిన పిమ్మటను ఇంటికి వెళ్లి చూచుట, టెలిఫోనులో పలుకరించుట మానలేదు. 1995లో ప్రకటింపబడిన ఫలితమిది: 90 దినములలో మొదటి వర్గమువారు హృదయ వైఫల్యముతో 54 మారులు ఆసుపత్రికి మరల వచ్చిరి, రెండవ వర్గమువారు 24 మారులు. అన్ని కారణములు కలిపి చూచినను 94కు బదులు 53. అదనపు శ్రమకైన వ్యయము పోను ఒక్కొక్క రోగికి 460 డాలర్లు మిగిలినవి కూడ. ఇందులో కొత్త మందు లేదు, కొత్త యంత్రము లేదు. ఉన్నది బోధన, మరల పోయి పలుకరించుట. బడిలో చెప్పిన పాఠము ఇంటివద్ద నిలిచినదో లేదో చూచు ఉపాధ్యాయుని పనికి ఇది దూరము కాదు.

ఇంత స్పష్టమైన ఫలితము కనబడిన పిమ్మట దేశమంతట ఇట్టి యేర్పాట్లు జరిగియుండునని తలపవచ్చును. జరుగలేదు. అమెరికాలో 65 ఏండ్లు దాటినవారి వైద్యవ్యయమును మెడికేర్ అను ప్రభుత్వ సంస్థ భరించును. ఆసుపత్రిలో చేరిన ప్రతిమారు ఆసుపత్రికి సొమ్ము ముట్టును. నర్సు ఇంటికి పోయి పలుకరించినందుకు ఆసుపత్రికి వచ్చునది అల్పము. 2009లో స్టీఫెన్ జెంక్స్, ఆయన సహచరులు మెడికేర్ లెక్కలు పరిశీలించి ప్రకటించిన సంగతులు పలువురిని కలవరపరచినవి. ఆసుపత్రినుండి ఇంటికి పోయిన వృద్ధులలో రమారమి అయిదుగురిలో ఒకరు 30 దినములలో మరల చేరుచున్నారు. హృదయ వైఫల్యము గలవారిలో ఆ సంఖ్య నూటికి 26.9. అంతకంటె ఆశ్చర్యకరమైనది మరొకటి: శస్త్రచికిత్స అవసరములేని రోగములతో చేరి, ఇంటికి పోయి, నెలలోపల మరల వచ్చినవారిలో సగముమంది ఆ నడుమ ఒక్క డాక్టరునైన చూచినట్లు లెక్కలలో లేదు.

వారు మరల వచ్చుటకు కారణమేమి? ఉప్పు తినుటవలన, మాత్రలు మానుటవలన గుండెజబ్బు తిరుగబెట్టినదని చెప్పుట సులభము. తప్పు రోగిమీదికి పోవును. 2013లో వెలువడిన మరొక పరిశీలన ఈ సులభ సమాధానమును చాలవరకు తలక్రిందులు చేసినది. 2007–2009 నడుమ హృదయ వైఫల్యముతో చేరి ఇంటికి పోయిన మెడికేర్ రోగులలో 30 దినములలో మరల వచ్చినవారి కారణములు చూడగా, అదే వ్యాధితో వచ్చినవారు నూటికి 35 మంది మాత్రమే. తక్కినవారు మూత్రపిండముల వ్యాధితోనో, న్యుమోనియాతోనో, గుండెలయ తప్పియో, మరి వేరు రోగముతోనో వచ్చిరి. మరల వచ్చినవారిలో సగముమంది ఇంటికి పోయిన 12 దినములలోపలనే వచ్చిరి. యేల్ విశ్వవిద్యాలయమునకు చెందిన డాక్టర్ హార్లన్ క్రుమ్‌హోల్జ్ అదే సంవత్సరము దీనికొక వివరణ చెప్పెను. ఆసుపత్రిలోని దినములే రోగిని బలహీనుని చేయుచున్నవని ఆయన వాదము. రాత్రి నిద్ర లేదు; పరీక్షలకని పస్తుండవలెను; దినమంతయు మంచముమీదనే యుండుటచే కాళ్ల కండరములు క్షీణించును; కొత్త మందులు, కొత్త ముఖములు మనస్సును కలతపెట్టును. వచ్చిన రోగము తగ్గినను, ఏ చిన్న దెబ్బకును తట్టుకొనలేని స్థితిలో రోగి ఇంటికి పోవును. ఆసుపత్రిలో పండుకొన్నవారెవరును దీనిని కాదనరు. ఇది వైద్యశాస్త్రములో ఒక పేరు పొందుటకు 2013 వరకు ఆగవలసివచ్చుటయే వింత.

రోగివలన జరుగు పొరపాట్లు లేవని దీని అర్థము కాదు. నీరు వెడలించు మాత్రను చూడుడు. అది మ్రింగిన కొలది గంటలలో పలుమారులు మూత్రమునకు పోవలసివచ్చును. బస్సు ప్రయాణమున్న దినమున, పెండ్లికి పోవు దినమున, కోర్టుకు పోవు దినమున రోగి దానిని మానివేయును. స్త్రీలకు ఈ ఇబ్బంది మరింత ఎక్కువ. రోగి చెప్పినచో ఆ దినమునకు మాత్ర వేళ మార్చుటకు డాక్టరుకు కష్టము లేదు. సిగ్గుచేత చెప్పడు, తీరికలేక డాక్టరు అడుగడు. మోకాళ్ల నొప్పులకు మందులషాపులో అడిగి తెచ్చుకొను ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ వంటి మాత్రలు మరొక ఉచ్చు. అవి మూత్రపిండములచేత ఉప్పును, నీటిని మరింత పట్టియుంచచేసి, ఆసుపత్రిలో చేసిన పనినంతయు చెరచును. మోకాలికి మ్రింగిన మాత్రకు, వారము పిమ్మట వచ్చిన ఆయాసమునకు సంబంధమున్నదని ఎవరైన చెప్పిననే గదా తెలియుట! ఉప్పు సంగతి ఇంకను చిత్రము. ఉప్పు తగ్గింపుడని రెండుమూడు తరములుగా వైద్యులు చెప్పుచున్నారు. 2022లో 806 మంది రోగులతో ఆరు దేశములలో జరిగిన ఒక పరిశోధనలో మాత్రము, కఠినముగ ఉప్పు తగ్గించినవారికిని, మామూలు సలహా పొందినవారికిని ఆసుపత్రి ప్రవేశములలో, మరణములలో చెప్పదగిన భేదము కనబడలేదు. ఆ రోగులు ముందునుండియే మితముగ ఉప్పు తినుచుండినవారు. కావున చప్పిడి తిండితో రోగి నోరు కట్టవలసిన అగత్యము లేదు గాని, పెద్దవారికి దినమునకు 5 గ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన హద్దును పూటపూటకు ఊరగాయ, వడియములు, అప్పడములు, ఊరమిరపకాయలు గల కంచము సులభముగ దాటిపోవును.

ఈ కారణములన్నియు పూర్తిగ తేలకమునుపే అమెరికా ప్రభుత్వము చర్యకు పూనుకొన్నది. 2010 నాటి ఆరోగ్య శాసనములో ఒక నిబంధన చేర్చిరి. గుండెపోటు, హృదయ వైఫల్యము, న్యుమోనియా రోగులు 30 దినములలో మరల వచ్చుట ఏ ఆసుపత్రిలో ఉండదగినదానికంటె ఎక్కువగ నుండునో ఆ ఆసుపత్రికి మెడికేర్ చెల్లింపులలో కోత పడును. 2012 అక్టోబరునుండి కోత మొదలైనది. మొదటి యేట గరిష్ఠముగ నూటికి 1, మూడవ యేటికి నూటికి 3. ఆసుపత్రులు మేల్కొనినవి. రోగులకు టెలిఫోను చేయుటకు నర్సులను నియమించిరి. ఇంటికి పోవు ముందే డాక్టరును చూచు తేదీ నిర్ణయించిరి. మందుల పట్టికలు సరిచూచిరి. ఇదంతయు మంచిదే. మరల వచ్చువారి సంఖ్య తగ్గినది. శాసనము ఫలించినదని పలువురు సంతోషించిరి.

అంతలో వేరొక లెక్క వెలువడినది. 1,15,245 మంది హృదయ వైఫల్య రోగుల చరిత్రలు పరిశీలించి, 2017 చివర కొందరు పరిశోధకులు ప్రకటించినది ఇది: 30 దినములలో మరల చేరుట శాసనమునకు ముందు నూటికి 20.0 ఉండగా, కోతలు మొదలైన పిదప 18.4కు దిగినది. అదే 30 దినములలో మరణములు నూటికి 7.2 నుండి 8.6కు పెరిగినవి. ఆసుపత్రికి వచ్చినవారు తగ్గిరి, చనిపోయినవారు పెరిగిరి. రెండవదానికి మొదటిది కారణమని నిశ్చయముగ చెప్పుటకు వీలులేదు. శాసనమునకు ముందునుండియే మరణములు పెరుగుచుండెనని, చేరు రోగులు నానాటికి మరింత వృద్ధులు, మరింత బలహీనులు అగుచుండిరని మరికొందరు పరిశోధకులు వాదించిరి. ఆ వాదము నేటికిని తీరలేదు. కాని అనుమానమునకు తావిచ్చిన పద్ధతులు ఉండెను. తిరిగివచ్చిన రోగిని లోపల చేర్చుకొనక, కొన్ని గంటలో ఒక దినమో “పరిశీలనలో” ఉంచి పంపివేసినచో అది లెక్కకు రాదు. బీదవారు ఎక్కువగ వచ్చు ఆసుపత్రులకే కోతలు ఎక్కువగ పడినవి. ఇంటివద్ద చూచువారు లేని రోగి మరల వచ్చుట ఆసుపత్రి తప్పెట్లగును? ఈ అన్యాయమును కొంత సరిదిద్దుటకు 2016లో మరొక శాసనము చేసి, బీదరోగులు ఒకే పాటిగ నున్న ఆసుపత్రులను తమలో తమకే పోల్చు పద్ధతి తెచ్చిరి.

పాఠశాలలో ఉత్తీర్ణులు నూటికి నూరుగురు కావలెనని పైనుండి ఆజ్ఞ వచ్చినప్పుడు రెండు మార్గములున్నవి. చదువు చెప్పుట ఒకటి. చదువులో వెనుకబడినవానిని పరీక్షకే పంపకుండుట రెండవది. పట్టికలో రెండును ఒకే తీరుగ కనబడును. ఏ మార్గమున ఆ సంఖ్య వచ్చినదో తెలియవలెనన్న పరీక్షకు రాని పిల్లవాడు ఏమయ్యెనో అడుగవలెను. ఆసుపత్రికి మరల రాని రోగిని గురించియు అడుగవలసిన ప్రశ్న అదే. అతడు ఇంటిలో సుఖముగ నున్నాడా? లేక రావలసినప్పుడు రాలేకపోయెనా? ఊపిరాడని రోగి మరల వచ్చుట కొన్నివేళల వైద్యము చెడినదనుటకు కాక, వైద్యము అందుచున్నదనుటకు గుర్తు.

ఇచ్చటనే విదరింగు మూలిక మరల దర్శనమిచ్చుచున్నది. ఇరువది శతాబ్దము చివరకు డిజిటాలిసుపై వైద్యులకు నమ్మకము సడలినది. అది ప్రాణము నిలుపునో, తీయునో తేల్చుటకు దానినుండి తీసిన డిగాక్సిన్ మందును 6,800 మంది రోగులలో పరీక్షించి, 1997లో ఫలితము ప్రకటించిరి. మందు తిన్నవారిలోను, ఉత్తుత్తి మాత్ర తిన్నవారిలోను మరణములు దాదాపు సమానము: నూటికి 34.8, 35.1. కాని హృదయ వైఫల్యము ముదిరి ఆసుపత్రిలో చేరినవారు ఒకవైపు నూటికి 26.8, మరియొకవైపు 34.7. ఆయుర్దాయము పెరుగలేదు, ఉన్న ఆయుర్దాయములో ఆసుపత్రి దినములు తగ్గినవి. మరణములు పెరుగక ప్రవేశములు తగ్గినవి కనుక ఈ తగ్గుదల నిక్కమైనదని నిస్సందేహముగ చెప్పవచ్చును. రెండు లెక్కలను ప్రక్కప్రక్కన పెట్టినగాని ఏ ఒక్కటియు అర్థము కాదనుటకు ఇంతకంటె చక్కని ఉదాహరణము దొరకదు.

ప్రవేశములు, మరణములు కలిపి లెక్కించినప్పుడు కూడ మేలు చూపిన మార్గము ఒకటి 2022లో తేటపడినది. 14 దేశములలో 1,078 మంది రోగులతో జరిగిన పరిశోధనలో, ఒక వర్గమువారికి ఇంటికి పోయిన రెండు వారములలోపలనే పైన చెప్పిన మందులను పూర్తి మోతాదుకు పెంచిరి. మొదటి రెండు నెలలలో నాలుగు మారులు పిలిచి, పరీక్షించి, రక్తము చూచిరి. ఆరు నెలలలో మరణించినవారును, హృదయ వైఫల్యముతో మరల చేరినవారును కలిసి ఆ వర్గములో నూటికి 15.2, అలవాటైన వైద్యము పొందినవారిలో 23.3. మేలు ఇంత స్పష్టముగ కనబడుటచే పరిశోధనను ముందుగనే ఆపివేసిరి. పిలిచి చూచుటకు బదులు యంత్రమును పెట్టినచో చాలునా యను ప్రశ్నకు అమెరికాలో 2010లోనే సమాధానము దొరికినది. 1,653 మందిలో సగముమందిని దినదినము టెలిఫోను చేసి యంత్రముయొక్క ప్రశ్నలకు బదులు చెప్పుమనిరి. ఫలితములో భేదమేమియు లేదు. నూటికి 14 మంది ఒక్కమారైన టెలిఫోను ముట్టలేదు. జర్మనీలో 2018లో ఫలితము ప్రకటించిన మరొక పరిశోధనలో యంత్రములు పంపిన సమాచారమును రేయింబవళ్లు చూచుటకు బెర్లినులో డాక్టర్లు, నర్సులు కూర్చుండిరి. అచ్చట మేలు కనబడినది.

మన దేశపు రోగి అమెరికా రోగివంటివాడు కాడు. 2013లో తిరువనంతపురము జిల్లాలోని 18 ఆసుపత్రులలో చేరిన 1,205 మంది హృదయ వైఫల్య రోగుల వివరములు నమోదు చేసిరి. వారి సగటు వయస్సు 61. అమెరికాలోని ఒక పెద్ద నమోదులో సగటు 72. అనగా పదేండ్ల ముందే ఈ వ్యాధి మనవారిని పట్టుచున్నది. ఇంకను పొలమునకు, పనికి పోవలసిన వయస్సులో పట్టుచున్నది. తిరువనంతపురపు రోగులలో అయిదేండ్లకు నూటికి 59 మంది గతించిరి. కేరళము వైద్యసౌకర్యములలో ముందున్న రాష్ట్రమని మరువరాదు. పిమ్మట దేశములోని 53 ఆసుపత్రులలో 10,851 మందిని నమోదు చేయగా, 90 దినములలో నూటికి 14 మంది మరణించినట్లు తేలినది. పైన చెప్పిన మందులు నియమప్రకారము అందుచున్నవారు సగముకంటె తక్కువ. రెండు నమోదులలోను పదిమందిలో ఏడుగురికి మూలకారణము గుండె రక్తనాళములు పూడుట.

మిగిలినవారిలో కొందరి కథ బడియీడుననే మొదలగును. 5 నుండి 15 ఏండ్ల పిల్లలకు స్ట్రెప్టోకాకస్ అను సూక్ష్మజీవివలన గొంతునొప్పి వచ్చి, చికిత్స లేక వదలినచో కొందరిలో కొన్ని వారములకు జ్వరము, కీళ్లవాపులు వచ్చును. కీళ్లు బాగగును, గుండె కవాటములు చెడును. ఒక కీలునుండి మరియొక కీలునకు వాపు మారుచు, ఆటలాడలేక ఆయాసపడు పిల్లవానిని తలిదండ్రులకంటె ముందు ఉపాధ్యాయుడు గుర్తింపగల సందర్భములున్నవి. వ్యాధి తెలిసినచో మూడు వారముల కొకమారు బెంజథీన్ పెన్సిలిన్ ఇంజక్షను ఏండ్ల తరబడి ఇచ్చుచు మరింత చెడకుండ కాపాడవచ్చును. ఆ వరుస తప్పినచో, అదే పిల్లవాడు ఇరువది ముప్పది ఏండ్లకు ఒడలు నీరుపట్టి ఆసుపత్రి వాకిట నిలుచును.

తుదకు ఇంటికి పోవునప్పుడు రోగిచేతికి వచ్చు కాగితమునుగూర్చి. మన రాష్ట్రములలో అది సాధారణముగ ఆంగ్లములో నుండును. దానిని చదువవలసినవాడు ఇంటిలో బడికో, కళాశాలకో పోవు పిల్లవాడు. మందు పేరు ప్రక్కన 1–0–1 అని వ్రాసియుండును. ఉదయమొకటి, మధ్యాహ్నము లేదు, రాత్రి ఒకటి యని దాని భావము. నీరు వెడలించు మాత్రకు 1–1–0 అని యున్నచో అది పొరపాటు కాదు, రాత్రి రోగిని నిద్రపోనిచ్చుటకు అట్లు వ్రాసినది. పాత చీటిలోని మాత్రయు, కొత్త చీటిలోని మాత్రయు కంపెనీ పేర్లు వేరైనను లోపలి మందు ఒకటే కావచ్చును. రెండును మ్రింగినచో మోతాదు రెట్టింపగును. పేరుక్రింద చిన్న అక్షరములలో మందు అసలు పేరుండును గనుక రెండు డబ్బాలు ప్రక్కప్రక్కన పెట్టి చూచినచో తెలియును. మరల ఎప్పుడు రావలెనో ఆ తేదీ కాగితము అడుగున, డాక్టరు సంతకమునకు పైన, ఒక్క వరుసలో నుండును. ఇంటికి పోయినపుడు తెల్లవారి మూత్రమునకు పోయివచ్చి, ఏమియు తినకమునుపు చూచుకొన్న బరువును గోడమీది క్యాలెండరులో వ్రాసికొనవలెను. మూడు దినములలో 2 కిలోలు పెరిగినచో అది తిండివలన వచ్చినది కాదు. తేదీ వరకు ఆగక ఆ దినమే పోవలెను.